పెట్టుడు మందు

"గుండె నొప్పని పోతే తాగుబోతని రాసి పంపించినారు. నాకేం జబ్బో సెప్పలేనోళ్ళు నన్ను మీ తావకి తోలినారు. మీరేం పీకుతారు ఈడ కూసోని?"

మునిప్రసాద్ నా గదిలోకి వచ్చి, ఇంకా కూర్చోకముందే అన్న మాటలివి.

చిత్తూరులో ఒక ట్రస్టు నడిపే వ్యసన విముక్తి కేంద్రంలో నేను కౌన్సెలర్‌ని. పేరు రూపశ్రీ. తిట్లు నాకు కొత్త కాదు. మా గడప తొక్కేవాళ్ళలో తమంతట తాము వచ్చేవాళ్ళు తక్కువ. ఎవరో ఒకరు లాక్కొస్తారు, ఆ లాక్కొచ్చినవాళ్ళ మీద కోపం నా మీద దిగుతుంది. అప్పుడు నేనూ గొంతు పెంచితే ఆ మనిషికి లేచి వెళ్ళిపోవడానికి ఒక సాకు దొరుకుతుంది. అందుకని కుర్చీ చూపించి ఊరుకున్నాను.

ఆయనకు పూతలపట్టు కూడలిలో వెల్డింగ్ అంగడి ఉంది. గేట్లు, గ్రిల్లులు, ట్రాక్టరు ట్రాలీలు చేస్తాడు. నలభై దగ్గర పడుతున్న మనిషి. ముంజేతుల నిండా నిప్పురవ్వలు కాల్చిన చిన్న చిన్న మచ్చలు. వెనకాలే ఆయన తల్లి శకుంతలమ్మ, భార్య పల్లవి వచ్చారు. తల్లి కొడుకు పక్కన నిలబడింది. భార్య తలుపు దగ్గరే ఆగిపోయింది.

"తాగుడు కాదు మేడమ్ ఇది," అంది శకుంతలమ్మ. "తాగేవాళ్ళు ఊర్లో ఎంతమంది లేరు? వాళ్ళందరికీ ఇట్లా అవుతాందా? నా కొడుక్కి ఎవరో మందు పెట్టినారు. కూట్లో కలిపి పెట్టినారు. కక్కించేదానికి ఒకాయన తావకి తీసకపోయినా. ఆకు పసరు పోసినాడు, కక్కినాడు గానీ లోపల పట్టింది రాలేదంట."

"అమ్మా, నువ్వు గమ్మున ఉండు," అన్నాడు మునిప్రసాద్.

నేను ఇద్దరినీ బయట కూర్చోమన్నాను. శకుంతలమ్మ నా వైపు చురచుర చూస్తూ వెళ్ళింది. పల్లవి మాత్రం ఎప్పుడు వెళ్ళమంటారా అని ఎదురుచూస్తున్నట్టు వెంటనే వెళ్ళిపోయింది.

"అడగండి," అన్నాడాయన కాలు మీద కాలేసుకుని. "ఎంత తాగుతావు, ఎందుకు తాగుతావు, పెండ్లాన్ని కొడతావా. అన్నీ తెలుసు నాకు. అడగండి."

"తాగినప్పుడు మీ ఒంట్లో ఏమవుతుందో చెప్పండి."

ఆ ప్రశ్న ఆయన అనుకోలేదు. కాలు దించి, మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు. శివరాత్రి అప్పటి నుంచి ఇట్లా అవుతోందట. ఇంతకుముందు ఎంత తాగినా తట్టుకున్న మనిషి, ఇప్పుడు కొంచెం లోపలికి పోగానే ముఖం, మెడ కాలిపోయినట్టు ఎర్రబడతాయి. తల పగిలిపోతుంది. ఎదలో డప్పు కొట్టినట్టు ఉంటుంది. ఊపిరి ఆడదు, వాంతులు. పోయిన వారం అంగట్లోనే పడిపోతే ఆస్పత్రికి మోసుకుపోయారు. గుండెకు చేసిన పరీక్షలన్నీ బాగానే ఉన్నాయన్నారు.

"తాగిన ప్రతిసారీ ఇలాగే అవుతుందా?"

"కొన్నిసార్లు తక్కువ, కొన్నిసార్లు ఎక్కువ." ఆగి మళ్ళీ అన్నాడు. "నడుమలో శ్రీహరికోట దగ్గర ఒక షెడ్డు పని ఒప్పుకోని పోయినా. ఆ పని శానా దినాలు పట్టింది. పోయిన కొత్తలో ఆడ కూడా ఇట్లనే అయ్యింది. తర్వాత తర్వాత ఏమీ కాలా. ఎంత తాగినా మామూలే. ఇంటికొచ్చినాక మళ్ళా మొదలైంది. అందుకే మా యమ్మ అంటాది, మందు ఇంట్లోనే ఉండాదని."

నేను పెన్ను కింద పెట్టాను.

దగ్గు మందు, కడుపు నొప్పి మాత్రలు, ఇన్ఫెక్షన్ మాత్రలు ఏమైనా వాడుతున్నారా అని అడిగాను. ఏమీ లేవన్నాడు. నిద్ర లేవగానే చేతులు వణుకుతాయా అన్నాను.

అప్పుడు నిజంగా కోపం వచ్చింది ఆయనకు. "వెల్డింగ్ సేసేవాడి సెయ్యి వణికితే పనెట్లా జరుగుతాది? సూడు!" అని చేయి బల్ల మీదుగా చాపాడు. వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. ఆయన కూడా చూసుకున్నాడు. చేయి వెనక్కి లాక్కుని తొడ కింద పెట్టుకున్నాడు. "పొద్దున ఒక గుక్క పడితే నిలబడతాది," అన్నాడు గోడ వైపు తిరిగి.

అంటే ఆయన తాగుడికి బాగా అలవాటు పడిన మనిషే, సందేహం లేదు. కానీ ఈ ముఖం ఎర్రబడటం, ఈ గుండె దడ తాగుడివి కావు. వాటిని నేను వేరే చోట చూశాను. తాగుడు మానాలని గట్టిగా అనుకున్నవాళ్ళకు మా డాక్టరు డైసల్ఫిరామ్ అనే మాత్ర రాస్తారు. దానివల్ల తాగాలన్న కోరికేమీ తగ్గదు. అది ఒంట్లో ఉండగా తాగితే మాత్రం ఒళ్ళు అల్లాడిపోతుంది. ఆ భయంతో మనిషి సీసా జోలికి వెళ్ళడు. అందుకే దాన్ని అన్నీ వివరించి, ఒప్పుకున్నవాళ్ళకే ఇస్తారు. దాని మీద గట్టిగా తాగితే గుండె ఆగి చచ్చిపోయినవాళ్ళూ ఉన్నారు. మానేసినా చాలా రోజులు ఒంట్లో ఉంటుంది. శ్రీహరికోటకు పోయిన కొత్తలో ఎందుకు అయ్యింది, తర్వాత ఎందుకు కాలేదు అన్నదానికి ఇంతకంటే వేరే కారణం నాకు తోచలేదు.

ముసలమ్మ చెప్పిందే నిజం. కొడుక్కి ఎవరో మందు పెడుతున్నారు.

బీపీ చూడమని ఆయన్ను నర్సు దగ్గరికి పంపించి, పల్లవిని లోపలికి పిలిచాను. తలుపు వేశాను.

"ఇంట్లో ఆయనకు మాత్రలు ఏమైనా ఇస్తున్నారా అమ్మా?"

"నేనేం డాక్టర్నా?"

"ఆయనకు చెప్పకుండా?"

ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు. కొంగు చివర వేలికి చుట్టుకుంది. "ఎవరు సెప్పినారు?" అంది.

"ఎవరూ చెప్పలేదు. ఆయన చెప్పిన లక్షణాలను బట్టి అడిగాను."

"అయితే అవును. సాంబార్లో ఏస్తా. సంగట్లో ఏస్తా. మందుల షాపులో అడిగితే ఇచ్చినారు. నలిపి తెలవకుండా పెట్టు, అదే మానేస్తాడు అన్నారు. మొదట సగం ఏసేదాన్ని. మానకపోయేసరికి ఇప్పుడు ఒకటి ఏస్తాండా. ఏంది ఇప్పుడు? కేసు పెడతావా?"

"ఆయన ప్రాణం పోవచ్చు పల్లవీ."

"పోతే పోనీ."

ఆ మాట ఆమె గట్టిగా కూడా అనలేదు. తర్వాత కారణం చెప్పింది. మాఘమాసంలో ఒక రోజు, ఇంక పడలేను, పలమనేరులో అక్క ఇంటికి పోతానని ఆమె పాపకు గుడ్డలు సర్దింది. మునిప్రసాద్ తాగి ఉన్నాడు. అంగడికి పోయి మిషను తెచ్చి, తల్లీబిడ్డ లోపల ఉండగానే, ముందు గ్రిల్లు తలుపుకు బయటినుంచి వెల్డింగ్ పెట్టేశాడు.

"రవ్వలు ఇంట్లోకి పడతా ఉంటే పాపను ఎత్తుకోని వంటింట్లోకి పోయి నిలబడినా. లోహితకు ఆరేండ్లు. నాయన ఏం సేస్తాండాడమ్మా అని అడుగుతాంది. ఏమని సెప్పేది? తెల్లారి లేచి ఆయప్పే చూసి, ఎవరు సేసినారు ఇది అని నన్నే అడిగినాడు. గుర్తు లేదంట. మళ్ళా ఆయప్పే కోసినాడు. నేను ఎవరికీ సెప్పలా. ఆ రోజే మందుల షాపుకు పోయినా."

"అది చాలా ఘోరం," అన్నాను. "మీరు భయపడటంలో తప్పు లేదు. కానీ ఈ మాత్ర ఈరోజుతో ఆపాలి. ఆయనకు ఈ సంగతి తెలియాలి కూడా."

ఆమె లేచి నిలబడింది. గోడ మీద మేం అంటించిన బోర్డు చూపించింది. ఇక్కడ చెప్పిన మాటలు రహస్యంగా ఉంచబడతాయి అని ఉంటుంది దాని మీద. "అది ఎందుకోసరం రాసుకున్నారు? నేను నీ తావ సెప్పింది నీ తావనే ఉండాల. సెప్పితే నన్ను సంపేస్తాడు. నా సావు నీ మెడకు సుట్టుకుంటాది."

"ఒకరి ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు ఆ మాట చెల్లదు. ఆయన ప్రాణం, మీ ప్రాణం రెండూ చూడాలి నేను. మీకు, పాపకు ముందు ఒక చోటు చూసుకుని, ఆ తర్వాతే చెబుదాం. అదీ ఇక్కడ, మా ముందర. ఇంట్లో కాదు."

"మంచిదానివి అనుకున్నా నిన్ను," అని తలుపు తోసుకుని వెళ్ళిపోయింది.

మా డాక్టరు పరంధామయ్య గారు సంగతి విని కళ్ళజోడు తీసి బల్ల మీద పడేశారు. "ఆపమని ఆమెకు చెప్పు. అంతే. ఆయనకు ఎందుకమ్మా చెప్పడం? వాళ్ళ ఇంటికి నువ్వు నిప్పు పెడతావా?"

"ఆపినా మందు ఒంట్లో ఉంటుంది కదా సార్. ఆయన ఈ సాయంత్రమే పోయి తాగితే?"

"తాగొద్దని చెప్పు."

"తాగొద్దని ఆయనకు రోజూ ఎవరో ఒకరు చెప్తూనే ఉన్నారు. ఎందుకు తాగకూడదో చెప్పాలి. రేపు ఇంకో ఆస్పత్రిలో పడితే అక్కడివాళ్ళకూ తెలియాలి. పసర్లు పోసి కక్కిస్తున్నారు సార్ ఆయనతో."

"ఏదైనా జరిగితే నేను నీ పక్కన నిలబడను. ముందే చెప్తున్నా."

ఆయన మాట అంతే గానీ, చేయాల్సింది చేశారు. బీపీ, గుండె మళ్ళీ ఒకసారి చూడాలని మునిప్రసాద్‌ను ఆ రోజుకు వార్డులో ఉంచుకున్నారు. ఒంట్లో ఏదో మందు ఉందన్న అనుమానం ఉంది, రేపు ఖాయంగా చెప్తాను, అప్పటిదాకా చుక్క ముట్టొద్దు అన్నారు. పల్లవి ఆ సాయంత్రం పాపను పలమనేరులో అక్క ఇంట్లో వదిలిపెట్టింది. తెల్లారి వస్తుందో రాదో అనుకున్నాను. మొదటి బస్సుకే వచ్చింది. నాతో మాట్లాడలేదు.

డాక్టరు గదిలో అందరం కూర్చున్నాం. మా వార్డు మనిషి మునిరామయ్యను తలుపు దగ్గర నిలబెట్టాను. డాక్టరు గొంతు సవరించుకునేలోపే పల్లవి అంది.

"మందు పెట్టింది నేనే."

ముందు శకుంతలమ్మ లేచింది. "సూసినావా మేడమ్! నేను సెప్తానే ఉండా, మీరందరూ నన్ను ఎర్రిదాని మాదిరి సూసినారు! కూట్లో ఇసం పెట్టినావంటే నువ్వు ఆడదానివా? పద నాయనా, స్టేషన్‌కు పోదాం పద."

డాక్టరు అది విషం కాదని, మాత్ర ఏమిటో, దాని మీద తాగితే ఏమవుతుందో, ఒంట్లోంచి పోవడానికి ఎంత కాలం పడుతుందో చెప్పారు. మునిప్రసాద్ విన్నాడో లేదో. భార్యనే చూస్తున్నాడు.

"ఎప్పుటి నుంచి?" అన్నాడు.

"మాఘమాసం నుంచి."

"రోజూనా?"

"పెట్టేదానికి అయిన రోజు."

"పాప పుట్టినరోజుకు పాయసం సేసినావే. దాంట్లో?"

"ఊ."

"శ్రీహరికోట నుంచి వచ్చిన పొద్దు, నాకని కోడి కోసినావు. దాంట్లో కూడానా?"

ఆమె తల ఊపింది. ఆయన ఇంకా అడుగుతూనే ఉన్నాడు. ఫలానా రోజు పప్పులో? ఫలానా రోజు మజ్జిగలో? ఇన్ని నెలల కూడు ఒక్కొక్క ముద్దా ఎదురుగా పెట్టుకుని చూసుకుంటున్నట్టు ఉంది. చివరికి గొంతు పూర్తిగా తగ్గించి అన్నాడు: "నేను ఊపిరాడక సస్తా ఉంటే నా ఎద మీద సెయ్యి పెట్టి రుద్దినావు కదమే. దేవుణ్ణి పిలిసినావు. అప్పుడు కూడా నీకు తెలుసు కదా."

"తెలుసు," అంది పల్లవి.

కుర్చీ వెళ్ళి గోడకు కొట్టుకుంది. ఆయన బల్ల ఇవతలికి వచ్చేలోపు మునిరామయ్య అడ్డం వచ్చి రెండు చేతులతో పట్టుకున్నాడు. శకుంతలమ్మ కోడల్ని తిడుతూ, కేసు పెట్టి లోపల వేయిస్తానని అరుస్తోంది. పల్లవి గోడకు ఆనుకుని నిలబడే ఉంది.

"పద అత్తా, నేనూ వస్తా స్టేషన్‌కు. నేను మందు పెట్టింది రాసుకోమను. గ్రిల్లుకు వెల్డింగ్ పెట్టింది కూడా రాసుకోమంటా."

"ఏం వెల్డింగ్?"

"నోరు ముయ్యి!" అన్నాడు మునిప్రసాద్.

ఆమె ముయ్యలేదు. నాకు చెప్పినట్టే అత్తకూ చెప్పింది, ఇంకా గట్టిగా. శకుంతలమ్మ పెద్ద కొడుకు దగ్గర వేరే ఊర్లో ఉంటుంది, ఆమెకు ఈ సంగతి తెలియదు. విని కొడుకు వైపు తిరిగింది. "పసిబిడ్డ లోపల ఉండంగానా?" అంది.

ఆయన మునిరామయ్య చేతులు విదిలించుకున్నాడు. నా ముఖం దగ్గరికి వేలు తెచ్చి, "ఇదంతా నీ పని. మా కొంప కూల్చినావు. నువ్వు బాగుపడవు," అని బయటికి నడిచాడు.

నేను వెనకాలే గేటు దాకా పోయాను. వార్డులో ఉండమన్నాను, వినలేదు. ఇక తల్లికే చెప్పాను: ఇప్పుడు ఆయన తాగితే ప్రమాదం, తాగకుండా ఉన్నా ప్రమాదమే. ఇన్నేళ్ళు తాగిన ఒళ్ళు ఉన్నట్టుండి ఆపితే తట్టుకోలేదు. చెమటలు పట్టినా, వణుకు ఎక్కువైనా, లేనివి కనిపించినా, ఫిట్స్ వచ్చినా ఒక్క క్షణం కూడా ఆగకుండా తీసుకురండి.

"శాపాలు పెట్టినట్టు సెప్తాండావే," అంది శకుంతలమ్మ.

మూడో రోజు ఆమే ఆటోలో తెచ్చింది. కొడుకు చొక్కా చెమటకు ఒంటికి అంటుకుపోయి ఉంది. ఆయన రెండు చేతులతో చొక్కా మీద ఏదో దులుపుకుంటున్నాడు. "రవ్వలు, రవ్వలు పడతాండాయి, ఆర్పండి," అంటున్నాడు. కళ్ళల్లో భయం తప్ప ఇంకేమీ లేదు. భయంతోనే తాగలేదట, వచ్చిన రోజు నుంచి చుక్క ముట్టలేదట.

"నువ్వన్నట్టే అయ్యింది," అంది ముసలమ్మ నాతో. "నీ నోరు మంచిది కాదు."

పరంధామయ్య గారు సూదులతో, మాత్రలతో ఆ గండం గట్టెక్కించారు. లేని రవ్వలు కనిపించడం ఆగింది. మనిషి తేరుకున్నాడు. తేరుకోగానే నర్సు ఇచ్చిన మాత్రను ఆమె చేతి మీదే ఉమ్మాడు.

"ఇది ఏం మందో నాకేం తెలుసు? మీరంతా ఒకటే. నీళ్ళు కూడా వద్దు నాకు."

నర్సులకు చిరాకు. బతికించినవాళ్ళ మీదే ఉమ్ముతాడా అని. డాక్టరు గారు మాట వినకపోతే పంపించేయమన్నారు. నాకు మాత్రం ఆయన అనుమానం పడటంలో తప్పు కనిపించలేదు. తెలియకుండా పెట్టిన మందుతో చెడిన మనిషికి ఇంకో మందు నమ్మకంగా మింగమంటే ఎట్లా మింగుతాడు? ఆయన మంచం దగ్గర కూర్చుని చెప్పాను: ఇకనుంచి ఏ మాత్రైనా స్ట్రిప్పుతోనే తెస్తాం. మీ ముందరే పేరు చదువుతాం. ఎందుకో చెప్తాం. మీరే తెంపుకుని వేసుకోండి. వద్దంటే వద్దు, దానివల్ల ఏం నష్టమో అదీ చెప్తాం.

"ఎంతసేపు నడుస్తాది ఈ నాటకం?"

"మీరు ఇక్కడ ఉన్నన్ని రోజులు."

"ఇంతమంది పేషెంట్లలో ఒక్కరికే ఇట్లా పాఠం చెప్తా కూర్చోవాలా మేడమ్?" అని నర్సు నామీద విసుక్కుంది. అయినా చేసింది. ఆయన ప్రతి స్ట్రిప్పూ వెలుతురుకు పెట్టి చూసి, అక్షరాలు కూడబలుక్కుని, అప్పుడు మింగేవాడు. మంచినీళ్ళ సీసా మూత తనే తిప్పుకునేవాడు.

ఒక రోజు అడిగాడు. "ఆ మాత్ర యాడుంది? అది నాకు పెట్టింది. సూపించు."

డాక్టరును అడిగి తెచ్చి చూపించాను. తెల్లటి, మామూలు మాత్ర. చేతిలోకి తీసుకోలేదు, వంగి చూశాడు.

"దీన్ని తెలిసి తెలిసి ఏసుకునేవాళ్ళు ఉండారా?"

"ఉన్నారు. అన్నీ తెలుసుకుని, తమకు తాము ఒప్పుకుని, ఇంట్లో ఒకరి ముందర వేసుకుంటారు."

"ఎర్రినాయాండ్లు," అన్నాడు. "ఇది నా నోట్లోకి రాదు. ఇది లేకుండానే మానతా. దానికి సూపిస్తా."

ఎవరికి చూపిస్తాడో నేను అడగలేదు. భార్య మీద పంతంతో మానతానంటే, మొదట ఆ పంతమే చాలు. కోరిక తగ్గించడానికి వేరే మాత్ర ఉందని డాక్టరు చెప్పారు. దాని గురించి మొత్తం అడిగి, రెండు రోజులు ఆలోచించి, సరేనన్నాడు.

ఇంటికి పోయాక బుధవారం బుధవారం నా దగ్గరికి రావాలి. వచ్చేవాడు. వచ్చి తిట్టేవాడు. ఎప్పుడు తాగబుద్ధి అవుతుంది అని అడిగితే, "నిన్ను సూసినప్పుడు," అనేవాడు. అట్లా అంటూ అంటూనే చెప్పేవాడు. అంగడి షట్టరు దించే వేళకు, కడుపు కాలుతూ, ఒళ్ళు అలిసి ఉన్నప్పుడు. మేస్త్రీలు వచ్చి పిలిచినప్పుడు. అయితే ఆ వేళకంటే ముందే కడుపునిండా తినండి, షట్టరు మీరు కాకుండా పనివాళ్ళు దించనీండి, మేస్త్రీల లెక్కలు పొద్దున పెట్టుకోండి అన్నాను. "ఇవి సెప్పేదానికి సదువు కావాలా?" అన్నాడు. పై బుధవారం అడిగితే అలాగే చేస్తున్నాడు.

మధ్యలో ఒకసారి జారాడు. తను గేటు బిగించిన ఇంటి గృహప్రవేశంలో తాగాడు. మర్నాడు నాకు ఫోన్ చేసి అరిచాడు. "మీ మందూ మాకూ అంతా దండగ! తాగినా! ఏం సేస్తావు?" ఎంత తాగారు, ఎవరితో, ఇప్పుడు ఎక్కడున్నారు అని అడిగాను. తల్లి దగ్గరికి వెళ్ళిపోయానన్నాడు. ఇంకో రోజు తాగకుండా ఈరోజే రమ్మన్నాను. అక్కడి నుంచి బస్సెక్కి, దారి పొడుగునా నన్ను తిట్టుకుంటూ వచ్చి ఉంటాడు. కానీ వచ్చాడు.

ఇక పల్లవి పలమనేరులో అక్క ఇంట్లోనే ఉండిపోయింది. నేను చేసిన ఫోన్లన్నీ కట్ చేసేది. ఒకసారి ఎత్తి, "మీ బోర్డు మీద రాత సెరిపేసినారా లేదా?" అని పెట్టేసింది. బళ్ళు తెరిచే వేళకు పాప కోసమని పూతలపట్టుకు తిరిగి రావాలనుకుంది. అప్పుడు ఇద్దరినీ ఒకసారి పిలిపించాను. రెండు కుర్చీలు దూరంగా వేశాను. ఎవరూ ఎవరినీ చూడలేదు.

"దాని సేతి కూడు తినను," అన్నాడు మునిప్రసాద్ నాతో.

"తినొద్దని సెప్పు. నేను వడ్డించను కూడా," అంది పల్లవి, నాతోనే.

నేను అడిగింది కూడు గురించి కాదు. ఎప్పుడైనా తాగితే ఆ పూట ఇంటికి రాకుండా తల్లి దగ్గరికి పోవాలి. ఇంటి తాళాలన్నీ ఒక జత పల్లవి దగ్గర ఉండాలి. చేయి ఎత్తినా, దారి అడ్డగించినా ఆమె పోలీసులకు ఫోన్ చేస్తుంది, దానికి తర్వాత గొడవ ఉండకూడదు. ఆయనకు చెప్పకుండా ఏ మందూ, ఏ పసరూ, ఏ విబూదీ ఆయన నోట్లోకి పోకూడదు. ఒక్కొక్కదానికీ ఇద్దరూ వాదించారు. చివరికి ఒప్పుకున్నారు. ఇష్టపడి ఒప్పుకోలేదు, వాదించి వాదించి అలిసిపోయి ఒప్పుకున్నారు.

ఇప్పుడు ఒకే ఇంట్లో ఉంటున్నారు. ఆయన అంగట్లో స్టవ్ పెట్టుకుని తనే వండుకుంటాడు. మిగతాది తల్లి పంపిస్తుంది. గృహప్రవేశం తర్వాత మళ్ళీ తాగలేదు. వణుకు పోయింది, పని బాగా నడుస్తోందట. పాపను బడికి ఆయనే దింపుతాడు. భార్యతో అవసరమైన మాటలే, అవీ పాప ద్వారానే. శకుంతలమ్మ కోడలి మీద కేసు పెట్టలేదు, ఆమె గడప కూడా తొక్కడం లేదు.

మొన్న బుధవారం ఆయన వచ్చి వెళ్ళిన కాసేపటికి పల్లవి వచ్చింది. ఆయన వెళ్ళిందాకా వీధిలో ఎక్కడో నిలబడి ఉన్నట్టుంది.

"ఆయన బాగానే ఉన్నాడు పల్లవీ," అన్నాను.

"ఆయప్ప గురించి అడగడానికి రాలా." బల్ల ఇవతలే నిలబడి నా మీద విరుచుకుపడింది. "ఆయప్ప ఏం తింటాడు, ఎప్పుడు నిద్రపోతాడు, ఎప్పుడు కోపం వస్తాది, అన్నీ అడిగినావు. అందరూ అడిగినారు. నన్ను ఒక్కటే అడిగినావు, మాత్ర ఏసినావా అని. ఇంకేమైనా అడిగినావా నువ్వు?"

అడగలేదు. ఇంటి తాళాలు, పోలీసు నంబరు, ఆమె భద్రత గురించి మాట్లాడాను గానీ ఆమె ఎట్లా ఉందని నేను అడగలేదు.

"కూర్చో," అన్నాను. ఎప్పుడు మీరు నుంచి నువ్వులోకి వచ్చానో నాకే తెలియలేదు.

"కూసునేదానికే వచ్చినా."

కుర్చీ కోపంగా లాక్కుని కూర్చుంది. కళ్ళ కింద నల్లగా ఉంది. మనిషి బాగా చిక్కిపోయింది. తలుపు దగ్గర తర్వాతి పేషెంటు తొంగి చూస్తే, కాసేపు ఆగమని చెప్పి తలుపు వేసి వచ్చాను.

"నిద్ర పడుతోందా?" అని అడిగాను.

"యాడ పడతాది?" అంది. ఆ తర్వాత ఆమె మాట్లాడుతూనే ఉంది. మధ్యలో నన్ను తిట్టింది, మొగుణ్ణి తిట్టింది, అత్తను తిట్టింది. నేను వింటూ కూర్చున్నాను.